పేగు జబ్బుకు నా ప్రాజెక్టులో ఏడు జన్యువులు తేలాయి. వాటితో మా అన్నయ్య పెళ్లి సంగతి తేల్చవచ్చా?

పెన్నాగట్టు (కోవూరు) అడిగిన ప్రశ్న

నెల్లూరులో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. చదువు సంగతీ ఇంటి సంగతీ కలగలిసిపోయిన ప్రశ్న ఇది. విడదీసి అడగడం చేతకాక మొత్తం ఒకేచోట రాస్తున్నాను.

మా అన్నయ్యకు అల్సరేటివ్ కొలైటిస్, అంటే పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే జబ్బు. రొయ్యల చెరువులకు మేత సరఫరా చేస్తాడు. తెల్లవారకముందే గట్ల మీద ఉండాలి. అక్కడ మరుగుదొడ్లు ఉండవు కాబట్టి పని ఉన్న రోజు మధ్యాహ్నం దాకా ఏమీ తినడు. మెసలమైన్ మాత్రలతో కొన్నాళ్లు బాగానే ఉంటుంది, తర్వాత మళ్లీ రక్తం, జిగురు, కడుపునొప్పి. తిరగబెట్టిన ప్రతిసారీ స్టెరాయిడ్లు ఇస్తూ వచ్చారు. ఇక అలా లాభం లేదు, రోగనిరోధక శక్తిని అణిచే అజథయోప్రిన్ మాత్ర మొదలుపెడదాం అని ఈమధ్యే డాక్టరు గారు చెప్పారు.

ఇంట్లో వాడి పెళ్లి మాటలు నడుస్తున్నాయి. మామయ్య కూతురిని చేసుకోవాలని ఎప్పటి నుంచో అనుకున్నదే. ఇప్పుడు అమ్మమ్మే అడ్డం తిరిగింది. "వీడి రక్తంలో ఉన్నదైతే అది నా వైపు నుంచి వచ్చి ఉండవచ్చు కదా. అప్పుడు ఆ పిల్లలోనూ అదే రక్తం కదా" అంటుంది. బడి ముఖం చూడని మనిషి వేసిన ప్రశ్నకు ఎమ్మెస్సీ చదివే నా దగ్గర సమాధానం లేదు. అమ్మ మాత్రం ఇదంతా హైవే మీద హోటళ్ల తిండి వల్లే వచ్చిందని తీర్మానించేసింది.

ఇక ప్రాజెక్టు. పేగు వాపు జబ్బులకు జన్యు సూచికలను కంప్యూటర్ విశ్లేషణతో కనుక్కోవడం. గైడ్ ఇచ్చిన అంశాల జాబితాలో ఇది కనిపించగానే ఇంకొకటి చూడకుండా తీసుకున్నాను. జన్యువుల పనితీరు కొలతలు దాచి ఉంచే, ఎవరైనా వాడుకోగలిగే జీఈఓ అనే ఇంటర్నెట్ భాండాగారం నుంచి సమాచారం దించుకున్నాను. వాపు ఉన్న పెద్దపేగు బయాప్సీలు ఒకవైపు, ఆరోగ్యవంతులవి ఇంకోవైపు. లిమ్మా అనే లెక్కల ప్యాకేజీతో తేడా కనిపించిన జన్యువులను ఏరి, డబ్ల్యూజీసీఎన్ఏ అనే ఇంకోదానితో గుంపులు కట్టి, చివరికి లాసో అనే గణాంక పద్ధతితో వడగడితే ఏడు మిగిలాయి. ఎస్100ఏ8, సీఎక్స్‌సీఎల్8, ఎంఎంపీ3, డీయూఓఎక్స్2 అందులో ఉన్నాయి. ఈ ఏడింటితో రోగులనూ ఆరోగ్యవంతులనూ వేరు చేస్తే ఏయూసీ, అంటే ఎంత బాగా వేరు చేసిందో చెప్పే స్కోరు, 0.98 వచ్చింది (1 అంటే ఒక్క తప్పూ లేనట్టు). పేపరు రాద్దాం అంటున్నారు గైడ్.

నా ప్రశ్న ఇది. ఈ ఏడు జన్యువులను అన్నయ్యకూ మామయ్య కూతురికీ రక్తంలో పరీక్ష చేయిస్తే, పుట్టబోయే పిల్లలకు జబ్బు వస్తుందో రాదో తెలుస్తుందా? తెలియకపోతే, నేను కనుక్కున్నది అసలు ఏమిటి?


బకింగ్‌హామ్ కాలువ (కావలి)

అంత శ్రమ ఎందుకమ్మా. ఉమ్ము పంపితే జన్యు రిపోర్టు ఇంటికే వస్తుంది. మా బావమరిది తెప్పించుకున్నాడు. క్రోన్స్ అనే ఇంకో పేగు వాపు జబ్బు వచ్చే అవకాశం "సాధారణం కన్నా ఎక్కువ" అని రాశారు. అప్పటి నుంచి పులుసులో చింతపండు తగ్గించమని మా చెల్లెలిని వేధిస్తున్నాడు తప్ప మనిషికి ఏ రోగమూ లేదు. ఇద్దరికీ చేయించండి, మీ అమ్మమ్మ గారి అనుమానం తీరిపోతుంది.


అద్దంకి బస్టాండు సెంటర్ (ఒంగోలు, ప్రస్తుతం హైదరాబాదు)

చెల్లీ, ముందు ఆ 0.98ని పక్కన పెట్టు. నా ఉద్యోగం ఇలాంటి లెక్కలే. వాపు ఉన్న పేగునూ లేని పేగునూ పక్కపక్కన పెట్టి తేడా చెప్పమంటే ఏ పద్ధతి వాడినా అంత స్కోరు వస్తుంది. కొలనోస్కోపీ చేసే డాక్టరు కంటితో చూసే చెప్పగలిగిన తేడా అది. దానికి లాసో అక్కరలేదు.

మన తీరంలో తుపాను దాటిన మర్నాడు ఏ వీధిలో చూసినా కరెంటు శాఖ లారీలు, చెట్లు కోసే రంపాలు కనిపిస్తాయి. వాటిని లెక్కపెడితే తుపాను ఎక్కడ గట్టిగా కొట్టిందో కచ్చితంగా చెప్పవచ్చు. బంగాళాఖాతంలో అది ఎందుకు పుట్టిందో మాత్రం చెప్పలేం. నీ ఏడు జన్యువులూ ఆ లారీలే. ఎస్100ఏ8 న్యూట్రోఫిల్ అనే తెల్లరక్తకణాల్లో దండిగా ఉంటుంది. సీఎక్స్‌సీఎల్8 ఆ కణాలను పుండు దగ్గరకు పిలిచే సంకేతం. ఎంఎంపీ3 కణజాలాన్ని కరిగించే ఎంజైము. ఆరోగ్యవంతుడి పేగు ముక్కలో ఎక్కువ భాగం లోపలి పొర కణాలే. వాపు ఉన్న ముక్క నిండా వచ్చి చేరిన రక్షక కణాలు. నువ్వు కొలిచినదానిలో సగం, ఏ ముక్కలో ఏ కణాలు ఎన్ని ఉన్నాయన్న తేడాయే.

ఇంకో మాట చెబితే నీకు నవ్వు వస్తుందో ఏడుపు వస్తుందో. ఎస్100ఏ8, దాని జోడీ ఎస్100ఏ9 కలిస్తే వచ్చే ప్రొటీన్ పేరు కాల్‌ప్రొటెక్టిన్. మలంలో దాన్ని కొలిచే పరీక్ష చాలా ఏళ్లుగా వాడుకలో ఉంది. మీ అన్నయ్యకు ఇప్పటికే రాసి ఉంటారు, పాత కాగితాలు తిరగేసి చూడు. అంటే నీ కంప్యూటర్ సరిగ్గానే పనిచేసింది. ఎప్పుడో దొరికినదాన్ని మళ్లీ వెతికి పట్టుకుంది, అంతే.

ఇప్పుడు మీ అమ్మమ్మ గారి ప్రశ్నకు వద్దాం. ఆవిడ అడిగింది నీ ప్రాజెక్టు అడగని ప్రశ్న. నువ్వు కొలిచింది జన్యువు ఎంత పనిచేస్తోందో, అంటే ఆర్ఎన్ఏ. జబ్బు చల్లబడితే ఆ అంకెలు దిగుతాయి, తిరగబెడితే ఎక్కుతాయి. తల్లిదండ్రుల నుంచి వచ్చే డీఎన్ఏ అక్షరాలు అలా ఎక్కి దిగవు. మీ అన్నయ్య పుట్టిన రోజున ఏవి ఉన్నాయో ఈరోజూ అవే. వంశంలో ఏం వస్తోందో తెలియాలంటే చూడవలసింది ఆ అక్షరాల్లో మనిషికీ మనిషికీ ఉండే తేడాలను. ఆ వెతుకులాట వేరే దారి, దాని చరిత్ర కూడా చాలా ఆసక్తిగా ఉంటుంది.

మొదట కుటుంబాలను పట్టుకున్నారు. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు క్రోన్స్ రోగులున్న కుటుంబాల డీఎన్ఏ పోల్చి, 1996లో ఫ్రాన్స్ బృందం 16వ క్రోమోజోమ్ మీద ఒక ప్రాంతాన్ని గుర్తించింది. అక్కడున్న జన్యువు ఎన్ఓడీ2 అని 2001లో తేలింది. రెండు వేర్వేరు బృందాలు 'నేచర్' పత్రిక ఒకే సంచికలో ప్రకటించాయి. బ్యాక్టీరియా గోడ ముక్కలను పసిగట్టే ప్రొటీన్ అది. దానిలో మూడు మార్పులు జబ్బుతో ముడిపడి ఉన్నాయి. ఆ తర్వాత చిప్పులు వచ్చాయి, ఒక్కో మనిషిలో లక్షల చోట్ల అక్షరాలు చదవడం మొదలైంది. 2006లో ఐఎల్23ఆర్ దొరికింది. విచిత్రం ఏమిటంటే అందులో ఒక అరుదైన మార్పు జబ్బు రాకుండా కాపాడుతుంది. 2007లో కణం తన చెత్తను తానే తినే ప్రక్రియకు చెందిన ఏటీజీ16ఎల్1 వచ్చింది. అదే ఏడాది బ్రిటన్‌లో వెల్‌కమ్ ట్రస్ట్ డబ్బుతో ఏడు జబ్బులకు ఒక్కోదానికి సుమారు 2,000 మంది రోగులను, ఉమ్మడిగా 3,000 మంది ఆరోగ్యవంతులను పెట్టి చూశారు. ఆ ఏడింటిలో క్రోన్స్ ఒకటి.

ఇంతమంది ఎందుకు అంటావేమో. దాదాపు పది లక్షల చోట్ల వేర్వేరుగా పరీక్ష పెడితే, మామూలు 0.05 గీత (కాకతాళీయంగా వచ్చే అవకాశం నూటికి ఐదు) వాడినప్పుడు ఊరికే యాభై వేల చోట్ల తేడా ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే 0.05ను పది లక్షలతో భాగించి గీతను అక్కడికి దించారు. అంటే కాకతాళీయంగా వచ్చే అవకాశం రెండు కోట్లలో ఒకటి కన్నా తక్కువ ఉండాలి. ఆ గీత దాటాలంటే రోగులు వేలల్లో కావాలి. 2012 నాటికి 75,000 మందికి పైగా మనుషుల సమాచారంతో పేగు వాపు జబ్బులతో ముడిపడిన 163 డీఎన్ఏ ప్రాంతాలు లెక్కకు వచ్చాయి. 2017కు అవి 240 చేరాయి.

పెళ్లి చూపులకు ముందు పరీక్ష అనుకునే వాళ్లందరూ చదవవలసింది ఇప్పుడు చెబుతున్నాను. ఆ 163 ప్రాంతాలూ కలిపినా, ఎవరికి అల్సరేటివ్ కొలైటిస్ వస్తుంది ఎవరికి రాదు అన్న తేడాలో నూటికి 7.5 వంతులే వివరించగలిగాయి. క్రోన్స్‌కు 13.6. ఒకే డీఎన్ఏతో పుట్టిన కవలల్లో ఒకరికి కొలైటిస్ ఉంటే రెండోవారికి రావడం నూటికి 20 లోపే. అక్షరం పొల్లుపోకుండా అదే డీఎన్ఏ ఉన్న మనిషికే ఎక్కువసార్లు రాకపోతే, ఏడు జన్యువుల కాగితం పుట్టని బిడ్డ గురించి ఏం చెబుతుంది?

కావలి అన్నగారూ, మీ బావమరిది గారి చేత చింతపండు వేయించండి. అలాంటి రిపోర్టుల్లో స్కోరు వేసే సూత్రం చాలావరకు యూరప్ వాళ్ల డీఎన్ఏ మీద తయారైంది. ఎన్ఓడీ2లో నేను చెప్పిన మూడు మార్పులు వాళ్లలో పేరుమోసినవి, మన దేశంలో దాదాపు కనిపించవు. జపాన్, చైనా, కొరియాల్లోనూ అంతే. అక్కడ క్రోన్స్‌కు ముఖ్యమైనది టీఎన్ఎఫ్ఎస్ఎఫ్15 అనే వేరే జన్యువు. 2015లో వచ్చిన పెద్ద అధ్యయనంలో యూరప్ మూలాలవారు 86,640 మంది ఉంటే, తూర్పు ఆసియా, ఇండియా, ఇరాన్ మూడూ కలిపి 9,846 మంది. అందులో కోవూరు వాళ్లు ఎందరుంటారో నువ్వే ఊహించుకో. అదే ఏడాది ఢిల్లీ విశ్వవిద్యాలయం, లూథియానా వైద్యులు కలిసి ఉత్తరాది కొలైటిస్ రోగుల మీద మొత్తం జన్యురాశి వెతికి ప్రచురించారు. మన దేశంలో ఆ జబ్బుకు అది మొదటి ప్రయత్నాల్లో ఒకటి. రోగనిరోధక వ్యవస్థకు కీలకమైన హెచ్ఎల్ఏ ప్రాంతం అందులోనూ గట్టిగా కనిపించింది.

మన జిల్లాలో ఇలాంటిది చేయాలంటే ఇంకో చిక్కు ఉంది. పెళ్లిళ్లు కులంలోనే, చాలా ఇళ్లలో మేనరికాలే. రోగులు ఒక వర్గం నుంచి ఎక్కువగా, పోల్చడానికి తీసుకున్న ఆరోగ్యవంతులు ఇంకో వర్గం నుంచి ఎక్కువగా వచ్చారనుకో. ఆ రెండు వర్గాల మధ్య ఉన్న ప్రతి తేడా జబ్బుకు సూచికలాగే బయటపడుతుంది. చేతికి డబ్బు ఆడేవాళ్లే కొలనోస్కోపీ దాకా వస్తారు, ఊరికే అన్నమాట కాదు ఇది. ప్రిన్సిపల్ కాంపోనెంట్లు, అంటే ఎవరి వంశమూలాలు ఎవరికి దగ్గరో చూపే లెక్కలు, వేసి ఆ తేడాను లెక్కలోంచి తీయకపోతే, నువ్వు కనుక్కునేది పేగు జబ్బు కాదు, ఎవరు ఏ వీధిలో ఉంటారో.

చివరగా ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. ఏడు జన్యువులను ఏరేటప్పుడు అన్ని నమూనాలనూ వాడి, ఆ తర్వాత అవే నమూనాల మీద ఏయూసీ లెక్క కట్టావా?


దర్గామిట్ట డాక్టర్ (నెల్లూరు)

పై జవాబు రాసినావిడ లెక్కల వైపు బాగా చెప్పారు. నేను జీర్ణకోశ వైద్యుణ్ణి, రోగి వైపు నుంచి నాలుగు మాటలు.

అమ్మా, మీ అమ్మమ్మ గారి ఆలోచనలో తర్కం ఉంది. మేనమామ కూతురిని చేసుకుంటే వధూవరుల డీఎన్ఏలో ఎనిమిదో వంతు ఉమ్మడిగా ఉంటుంది. అక్కకూతురిని చేసుకునే పద్ధతిలో అది నాలుగో వంతు. ఒకే జన్యువు రెండు ప్రతులూ చెడితేనే వచ్చే జబ్బులకు ఇది నిజంగా ప్రమాదమే. తలసీమియా, పుట్టు చెవుడు కొన్ని రకాలు అలాంటివి. పేగు వాపులోనూ అలాంటి రకం ఒకటి ఉంది. పుట్టిన కొద్ది నెలలకే రక్త విరేచనాలు, మలద్వారం దగ్గర మానని పుండ్లు, బరువు పెరగకపోవడం. ఐఎల్10 సంకేతాన్ని అందుకునే గ్రాహకం జన్యువులు చెడడం దీనికి ఒక కారణమని 2009లో తేలింది. రక్తసంబంధీకుల మధ్య పెళ్లిళ్లు జరిగిన కుటుంబాల్లో బయటపడింది. అలాంటి పసిబిడ్డ వస్తే జన్యు పరీక్ష తప్పనిసరిగా రాస్తాను, ఎందుకంటే దానికి వైద్యమే వేరు, ఎముకమజ్జ మార్పిడి దాకా వెళ్లాలి.

మీ అన్నయ్యది అది కాదు. పెద్దయ్యాక వచ్చిన కొలైటిస్ వందల జన్యువుల చిన్నచిన్న ప్రభావాలు, పేగులోని బ్యాక్టీరియా, తిండి, వాడిన మందులు అన్నీ కలిస్తే వచ్చేది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లలకు ముప్పు బయటివాళ్ల కన్నా ఎక్కువే, అయినా ఎక్కువమంది పిల్లలకు రాదు. ఈ జబ్బు పేరు చెప్పి పెళ్లి ఆపమని నేను అనను. మేనరికం వద్దని మామూలుగా ఏ వైద్యుడైనా చెప్పే కారణాలు వేరు, అవి ఈ జబ్బు లేకపోయినా ఉంటాయి. ఆ అమ్మాయికి జబ్బు సంగతి పూర్తిగా తెలుసా? అది ముందు చూడండి.

సిగరెట్ గురించి ఎవరూ అడగలేదు గానీ, పొగ మానేసిన కొన్నాళ్లకు కొలైటిస్ బయటపడిన వాళ్లు నా దగ్గరకు వస్తుంటారు. క్రోన్స్‌కేమో పొగ విషం. రెండు జబ్బులూ అన్నదమ్ములే అయినా ఈ విషయంలో ఎదురెదురు. అలాగని కొలైటిస్ వాళ్లను అంటించమని కాదు.

ఇప్పుడు అసలు విషయం. మీ ఇంటికి నిజంగా పనికొచ్చే జన్యు సూచిక ఒకటి ఉంది, దాని గురించి ఎవరూ అడగలేదు. ఎన్‌యూడీటీ15. అజథయోప్రిన్ ఒంట్లో మారాక ఏర్పడే, మోతాదు మించితే విషమయ్యే చురుకైన రూపాన్ని ఇది విడగొడుతుంది. ఈ జన్యువులో ఒక అక్షరం మారినవాళ్లకు మామూలు మోతాదు ఇచ్చినా తెల్లరక్తకణాలు పడిపోతాయి. రెండు ప్రతులూ మారినవాళ్లకు మొదటి వారాల్లోనే జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలుతుంది, జ్వరంతో ఆసుపత్రిలో పడతారు. పాశ్చాత్య దేశాల్లో ఇదే పనికి టీపీఎంటీ అనే వేరే జన్యువును చూసేవారు, మన దగ్గర అది చూసి ధైర్యం తెచ్చుకుంటే సరిపోదు. కొరియాలో క్రోన్స్ రోగుల డీఎన్ఏ మీద ఇలాంటి కంప్యూటర్ వెతుకులాటతోనే 2014లో ఎన్‌యూడీటీ15 దొరికింది. మన దేశంలో సుమారు పదిమందిలో ఒకరు ఈ మార్పు మోస్తున్నారు. అజథయోప్రిన్ మొదలుపెట్టే ముందు ఈ పరీక్ష గురించి మీ డాక్టరు గారిని అడగండి. మాత్ర మాత్రం సొంతంగా వాయిదా వేయవద్దు, ఆపవద్దు.

ప్రాజెక్టు కోసం ఇంకో ఆలోచన. చిన్నపేగు చివర పుండ్లు కనిపిస్తే అది క్రోన్సా, పేగు క్షయా అన్నది ఇక్కడ మాకు రోజూ ఎదురయ్యే తలనొప్పి. బయాప్సీలో రెండూ ఒకేలా కనిపించవచ్చు. క్షయ క్రిమి చాలామందిలో పరీక్షకు దొరకదు. టీబీ మందులు వాడి, మళ్లీ కొలనోస్కోపీ చేసి, పుండ్లు మానాయో లేదో చూసి తేల్చుకోవలసి వస్తుంది. పొరబడి టీబీ రోగికి స్టెరాయిడ్లు ఇస్తే క్షయ ఒళ్లంతా పాకవచ్చు. ఆరోగ్యవంతుణ్ణీ రోగినీ వేరు చేసే సూచిక నాకు అక్కరలేదు, రోగి నా ఎదురుగానే కూర్చుని ఉంటాడు. ఈ రెంటినీ వేరు చేసే సూచిక ఇవ్వండి, చేతులెత్తి దండం పెడతాను.


పెన్నాగట్టు (కోవూరు)

అక్కా, డాక్టరు గారూ, మీ ఇద్దరి జవాబులూ ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. అన్నయ్య పాత కాగితాల్లో కాల్‌ప్రొటెక్టిన్ రిపోర్టులు నిజంగానే ఉన్నాయి. వాడికి వాటి అర్థం ముందే తెలుసు, అంకె పెరిగితే గొడవ మొదలవుతుందని వాడే నాకు చెప్పాడు!

అక్కా, మీరు అడిగినదానికి జవాబు అవును. అయితే గైడ్ ఒప్పుకోవడం లేదు. ఇదే పద్ధతిలో వచ్చిన పేపర్లు ఒక కట్ట తీసి బల్ల మీద పెట్టారు. అందరూ చేసిందే మనమూ చేస్తున్నాం, నీకెందుకు అభ్యంతరం అంటున్నారు. వైవా దగ్గర పడుతోంది, అంశం మార్చడానికి వీల్లేదు. క్షయ, క్రోన్స్ పోలిక మీద దించుకోగలిగిన సమాచారం కోసం వెతికాను. నాకు దొరికినవి చాలా చిన్నవి. ఉన్న ప్రాజెక్టునే ఏదో ఒక విధంగా నిజాయితీగా పూర్తి చేసే దారి చెప్పండి.


బకింగ్‌హామ్ కాలువ (కావలి)

బావమరిదికి చెప్పాను. రిపోర్టుకు కట్టిన డబ్బు ఎవరిస్తారని నన్ను అడుగుతున్నాడు. పులుసు విషయంలో మాత్రం మా చెల్లెలు సంతోషంగా ఉంది.


అద్దంకి బస్టాండు సెంటర్ (ఒంగోలు, ప్రస్తుతం హైదరాబాదు)

గైడ్‌తో గొడవ పడకు, మార్కులు ఆయన చేతిలో ఉన్నాయి. ఆయన మాటకు ఎదురు చెప్పకుండానే చేయగలిగినవి ఉన్నాయి. ఆ పేపర్ల కట్ట గురించి నా అభిప్రాయం మాత్రం దాచుకోను. ఒకే భాండాగారం, ఒకే నాలుగైదు ప్యాకేజీలు, చివర్లో ఐదో ఏడో "కీలక జన్యువులు". జబ్బు పేరు మార్చి అదే పేపరు మళ్లీ రాయవచ్చు. వాటి వల్ల ఇంతవరకు ఏ రోగికి ఏ మాత్ర మారిందో నాకు ఎవరైనా చూపిస్తే బాగుండును.

ముందు ఏరివేత సంగతి. జన్యువులను ఏరిన నమూనాల మీదే మళ్లీ స్కోరు కడితే అది ఉన్నదానికన్నా గొప్పగా కనిపిస్తుంది. నమూనాలను పది భాగాలు చేసి, ఒక భాగాన్ని పూర్తిగా పక్కన పెట్టి, మిగతా తొమ్మిదింటి మీదే లిమ్మా దగ్గర నుంచి లాసో దాకా మొత్తం మళ్లీ నడపాలి. తర్వాత పక్కన పెట్టిన భాగం మీద స్కోరు చూడాలి. ఇలా పది సార్లు. ప్రతిసారీ ఏ జన్యువులు ఎంపికయ్యాయో రాసి పెట్టుకో. నీ ఏడింటిలో రెండో మూడో మాత్రమే ప్రతిసారీ వస్తాయి, మిగతావి వచ్చి పోతుంటాయి. ఆ పట్టికను థీసిస్‌లో పెట్టు. నిజం చెప్పాలంటే ఆ పట్టికే నీ థీసిస్‌లో అన్నిటికన్నా విలువైన పేజీ అవుతుంది.

రెండోది, పోలిక మార్చు. అంశం మారదు, ప్రశ్న మాత్రం మారుతుంది. జీఎస్ఈ 75214 అని బెల్జియంలోని లూవెన్ వాళ్ల సమాచారం ఉంది. అందులో జబ్బు చురుగ్గా ఉన్న కొలైటిస్ రోగులతో పాటు, జబ్బు చల్లబడి పేగు మామూలుగా కనిపిస్తున్న రోగుల బయాప్సీలు కూడా ఉన్నాయి. ఆ చల్లబడినవాళ్లను ఆరోగ్యవంతులతో పోల్చు. లారీలు వెళ్లిపోయాక కూడా ఆ పేగులో తేడాగా మిగిలినవి ఏమిటో అప్పుడు కనిపిస్తాయి. నమూనాలు తగ్గుతాయి, స్కోరు బాగా పడిపోతుంది. భయపడకు, పడాలి. 0.98 నుంచి 0.7కు దిగిన అంకెను వైవాలో ధైర్యంగా చెప్పి, ఎందుకు దిగిందో వివరించగల విద్యార్థిని నేనైతే వెంటనే ఉద్యోగంలోకి తీసుకుంటాను.

ఇంకా ఓపిక ఉంటే, మిగిలిన జన్యువులు ఆ 240 ప్రాంతాల్లో దేనిలోనైనా పడుతున్నాయేమో సరిచూడు. వాపు చల్లబడ్డాక కూడా పేగులో తేడాగా ఉండి, అదే సమయంలో వంశపారంపర్య ప్రాంతంలోనూ ఉన్నది ఒక్కటి దొరికినా, మీ అమ్మమ్మ గారి ప్రశ్న దగ్గరకు ఒక అడుగు వేసినట్టే. దొరకకపోతే దొరకలేదని రాయి. ఒక జాగ్రత్త, ఒక ప్రాంతంలో పది జన్యువులుండవచ్చు. అసలు దోషి పక్కింటి జన్యువు కావచ్చు. 2017లో అందుకోసమే ప్రత్యేకంగా లెక్కలు కట్టి చూస్తే, 18 చోట్ల మాత్రమే ఫలానా అక్షరమే కారణం అని నూటికి 95 వంతుల పైన నమ్మకంతో చెప్పగలిగారు.

క్షయ సంగతి చిన్న సమాచారంతో చేయవద్దు. డాక్టరు గారి దండం ఆశపడేదే గానీ, ఇరవై ముప్పై నమూనాలతో లాసో నడిపితే మళ్లీ మొదటికే వస్తావు. పీహెచ్‌డీకి దాచుకో.


పెన్నాగట్టు (కోవూరు)

అక్కా, పది భాగాల పద్ధతిలో నడిపాను. మీరన్నట్టే ఎస్100ఏ8, డీయూఓఎక్స్2 ప్రతిసారీ వచ్చాయి, మిగతావి మారుతూ పోయాయి. చల్లబడిన రోగుల పోలిక ఇప్పుడే మొదలుపెట్టాను. గైడ్ ఆ పట్టిక చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత ఉండనీ అన్నారు.

డాక్టరు గారూ, అన్నయ్యకు ఎన్‌యూడీటీ15 పరీక్ష చేయించారు. రిపోర్టులో "సీటీ" అని ఉంది. ఒక ప్రతి మారింది, ఒకటి మామూలుగా ఉంది అని రాశారు. అజథయోప్రిన్ తక్కువ మోతాదుతో మొదలుపెట్టారు. మామయ్య కూతురికి అన్నయ్యే ఫోను చేసి మొత్తం చెప్పాడు. ఆ అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న జన్యువుల గురించి కాదు, చెరువు గట్ల మీద మరుగుదొడ్డి ఎందుకు కట్టించుకోరు అని. అమ్మమ్మ ఇంకా ఏమీ తేల్చలేదు. ఇంట్లో వాళ్లు ఇంకేమైనా గమనించుకోవాలా?


దర్గామిట్ట డాక్టర్ (నెల్లూరు)

సీటీ అంటే మందు మానేయనక్కరలేదు, మోతాదు తగ్గించి జాగ్రత్తగా పెంచుకుంటూ వెళ్లాలి. మీ డాక్టరు గారు చేసింది సరైనదే. తెల్లరక్తకణాల లెక్క మొదట్లో వారం వారం చూపించాలి, తర్వాత వాళ్లు చెప్పినంత వ్యవధిలో. ఒక్కసారి బాగుంది కదా అని మానేయవద్దు. జ్వరం, గొంతునొప్పి, నోటిలో పుండ్లు, హఠాత్తుగా జుట్టు రాలడం వీటిలో ఏది కనిపించినా పొద్దున చూద్దాం అనకుండా అదే రోజు రక్త పరీక్ష చేయించాలి. పనిలో చెరువు నీళ్లలో దిగుతుంటే కాళ్లకు గాయాలు లేకుండా చూసుకోమనండి.

ఆ రిపోర్టు ఫోటో తీసి అన్నయ్య ఫోనులో ఉంచండి. ఎప్పుడైనా కీలు వాచి, యూరిక్ యాసిడ్ ఎక్కువైందని ఎవరైనా అల్లోప్యూరినాల్ రాస్తే, మాత్ర వేసుకునే ముందే అజథయోప్రిన్ వాడుతున్నానని చెప్పాలి. ఆ రెండూ మామూలు మోతాదుల్లో కలిస్తే జన్యువు ఎంత బాగున్నా తెల్లరక్తకణాలు పడిపోతాయి.